తెల్ల కాగితం మీద రాసుకున్నా ఒప్పందమేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు ముందు పెట్టుకుని చదువుతుంటే ఒకటి గమనించాను. అందరూ కాగితం గురించే అడుగుతున్నారు. ఎన్ని రూపాయల స్టాంపు, నోటరీ ఉందా లేదా, సాక్షులు ఎంతమంది. అసలు మాట ఎలా కుదిరింది, ఎవరు ఎవరికి ఏం ఇస్తామన్నారు అన్నది మాత్రం ఉత్తరం చివర్లో ఒక ముక్కలో చెప్పి వదిలేస్తున్నారు. నాకు ముందు కావాల్సింది ఆ ముక్కే.

ప్రశ్న: లాయర్ గారూ, గొల్లపూడి దగ్గర 200 గజాల స్థలం గజం 22,000 చొప్పున మాట్లాడుకుని 5 లక్షలు బయానా ఇచ్చాను. 3 లక్షలు బ్యాంకు ద్వారా, 2 లక్షలు నగదు. వాళ్ళింట్లోనే నోటుపుస్తకంలోంచి కాగితం చించి రేటు, హద్దులు, ఆరు నెలల గడువు రాసి ఆయన సంతకం పెట్టాడు. నేను పెట్టలేదు. సాక్షిగా మా బావగారు పెట్టారు. గడువు దాటి నాలుగు నెలలైంది, ఈలోగా రేటు పెరిగింది. ఇప్పుడు "స్టాంపు లేదు, నోటరీ లేదు, నీ సంతకమే లేదు, అది చెత్తకాగితం, నీ 5 లక్షలు నువ్వు తీసుకెళ్ళు" అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, విద్యాధరపురం

జవాబు: చెత్తకాగితం కాదు. జాగ్రత్తగా దాచండి, లామినేషన్ మాత్రం చేయించకండి (చాలామంది చేసే పని ఇది, తర్వాత కోర్టులో అసలు కాగితం పరీక్షించాల్సి వస్తే తలనొప్పి).

మన దేశంలో ఒప్పందాలకు మూలం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం. అందులో పదో సెక్షన్ చదివితే స్టాంపు, నోటరీ అన్న మాటలే కనపడవు. అది అడిగేది వేరు. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకున్నారా, ఇద్దరూ మేజర్లేనా, మతి స్థిమితంగా ఉన్నవాళ్ళేనా, ఎవరి బలవంతమూ మోసమూ లేకుండా ఒప్పుకున్నారా, ఒకరిచ్చేదానికి బదులు ఇంకొకరు ఇచ్చేది ఏదైనా ఉందా (దీన్నే ప్రతిఫలం అంటాం), ఆ పని చట్టానికి విరుద్ధం కాదు కదా, ఫలానా రకం ఒప్పందాలు చెల్లవని చట్టం విడిగా చెప్పిన వాటిలో ఇది లేదు కదా. మీ విషయంలో స్థలం తెలుసు, హద్దులు తెలుసు, రేటు తెలుసు, గడువు తెలుసు, బయానా చేతులు మారింది. మాట కుదిరింది. రాతపూర్వకంగానే ఉండాలని ఇంకో చట్టం ప్రత్యేకంగా అడిగితే తప్ప, నోటిమాటతో కుదిరినా ఒప్పందం ఒప్పందమే.

మీ సంతకం లేకపోవడం గురించి అసలు టెన్షన్ పడకండి. అమ్మేవాడు ఒక్కడే సంతకం పెట్టిన అమ్మకపు అగ్రిమెంటు చెల్లుతుందని 2009లో అలోకా బోస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మన దగ్గర బయానా కాగితాలు మొదటి నుంచీ అలాగే రాసుకుంటున్నాం కదా. నోటరీ అంటే ఆ రోజు ఆ మనిషే వచ్చి సంతకం పెట్టాడని చెప్పే ముద్ర, అంతే. చెల్లని ఒప్పందాన్ని నోటరీ చెల్లేలా చేయలేడు. సాక్షులు కూడా దానపత్రానికో వీలునామాకో తప్పనిసరి గానీ అమ్మకపు అగ్రిమెంటుకి కాదు. అయినా మీ బావగారి సంతకం ఉండడం మంచిదే, రేపు బోనెక్కి "నా ముందే రాశాడు" అని చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు.

ఒప్పందం కుదరడం ఒకటి, ఆ కాగితాన్ని కోర్టు చేతిలోకి తీసుకోవడం ఇంకొకటి. స్టాంపు లేని కాగితాన్ని కోర్టు నేరుగా సాక్ష్యంగా తీసుకోదు. ఇది 1899 స్టాంపు చట్టంలో 35వ సెక్షన్. కానీ దానికి విరుగుడు కూడా అక్కడే ఉంది: కట్టాల్సిన డ్యూటీ, దాని మీద పదింతల దాకా జరిమానా కట్టేస్తే కాగితం లోపలికి వస్తుంది. స్థలం మీకు స్వాధీనం చేసినట్టు కాగితంలో రాసి ఉంటే మాత్రం మన ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని అమ్మకం లాగే లెక్కేసి డ్యూటీ అడుగుతారు, అప్పుడు జరిమానా తలకు మించుతుంది. మీ కాగితంలో ఆ మాట ఉందో లేదో ఇవాళే చూడండి.

ఇక రిజిస్ట్రేషన్. 1999లో తెచ్చిన సవరణతో మన రాష్ట్రంలో స్థిరాస్తి అమ్మకపు అగ్రిమెంటు కూడా రిజిస్టర్ చేయించాల్సిన పత్రాల్లో చేరింది. ఎవరూ చేయించరనుకోండి, అది వేరే సంగతి. చేయించకపోయినా, "అన్న మాట ప్రకారం నాకు రిజిస్ట్రేషన్ చేయించాలి" అని వేసే దావాలో ఆ అగ్రిమెంటును సాక్ష్యంగా చూపించుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. మీరు వేయాల్సింది సరిగ్గా ఆ దావానే.

ఇప్పుడు మీరు ఉత్తరంలో రాయని సంగతికి వస్తాను. ఆ ఆరు నెలల్లో మీరేం చేశారు? మిగతా 39 లక్షలు సిద్ధం చేసుకున్నారా? "డబ్బు రెడీగా ఉంది, రిజిస్ట్రేషన్‌కి ఎప్పుడు వస్తారు" అని ఒక్క మెసేజ్ అయినా పెట్టారా? ఇలాంటి కేసులు చాలావరకు ఇక్కడే గెలుస్తాయి, ఇక్కడే ఓడిపోతాయి. ఒప్పందాల అమలు చూసే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఒప్పందాన్ని అమలు చేయించాలా వద్దా అన్నది జడ్జి గారి ఇష్టానికి వదిలేసిన విషయం కాదు, చట్టం చెప్పిన మినహాయింపుల్లో లేకపోతే అమలు చేయించాల్సిందే. కానీ కొనేవాడు మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నాడని రుజువు కావాలన్న షరతు మాత్రం అలాగే ఉంది. బ్యాంకు బ్యాలెన్సు, లోన్ మంజూరు కాగితం, పెట్టిన మెసేజ్‌లు, బ్రోకర్‌తో మాటలు, ఏమున్నా ఒకచోట పెట్టండి.

గడువు తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. అన్నాళ్ళుంది కదా అని కూర్చోవద్దు. ఈ అగ్రిమెంటు సంగతి తెలియని మూడో మనిషి నిజాయితీగా డబ్బిచ్చి కొనేస్తే మీకు స్థలం దక్కడం కష్టం. ఈ వారమే లాయర్ నోటీసు పంపండి. ఆ 5 లక్షలు వెనక్కిస్తానంటే తీసుకోకండి, తీసుకుంటే ఒప్పందం రద్దుకి మీరూ ఒప్పుకున్నట్టు చెప్పుకుంటాడు. దావాలో మాత్రం స్థలం అడుగుతూనే, అది కుదరకపోతే బయానా వడ్డీతో సహా ఇప్పించమని కూడా రాయించండి. ఇంకొకటి, 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు ఇచ్చామని దావాలో చెబితే ఆ సంగతి ఇన్‌కమ్ టాక్స్ శాఖకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2025లో కోర్టులకు చెప్పింది. స్థలం అడ్వాన్సు నగదుగా తీసుకోకూడదన్న నియమం తీసుకున్నవాడి మీదే పడుతుంది గానీ, ఆ 2 లక్షలు మీకెక్కడివో చెప్పడానికి మీరూ సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న: రెండేళ్ళ కిందట కొని బీరువాలో పెట్టిన 100 రూపాయల స్టాంపు కాగితం ఉంది. ఆరు నెలలు దాటితే పనికిరాదని స్టాంపు వెండర్ అంటున్నాడు. కొత్తది కొనాలా?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. ఆరు నెలలన్నది వాడని కాగితం తిరిగిచ్చి డబ్బు వాపసు అడగడానికి పెట్టిన గడువు. కాగితానికి మందుల సీసాలాగా ఎక్స్‌పైరీ లేదని 2008లో తిరువేంగడ పిళ్ళై కేసులో సుప్రీంకోర్టే తేల్చింది. అయితే పాత కాగితం మీద రాసుకుంటే, తర్వాత గొడవొచ్చినప్పుడు "పాత తేదీ వేసి పుట్టించారు" అనే అవకాశం అవతలివాడికి దొరుకుతుంది. వంద రూపాయలకు చూసుకుంటారా, తలనొప్పికి చూసుకుంటారా, మీ ఇష్టం.

ప్రశ్న: మాది ప్రత్తిపాడు దగ్గర. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన తేజ మిర్చి 120 టిక్కీలు (బస్తాలు). బయటి ఊరి వ్యాపారి మనిషి వచ్చి మచ్చు తీసుకెళ్ళాడు. రెండు రోజులకు ఆయనే ఫోన్ చేసి క్వింటాకు ఇంత ఇస్తానన్నాడు, సరే అన్నాను. వాట్సాప్‌లో కూడా "120 టిక్కీలు ఖాయం, సోమవారం లారీ వస్తుంది" అని పెట్టాడు. సోమవారానికి యార్డులో రేటు క్వింటాకు 2,000 పడింది. లారీ రాలేదు, ఫోనెత్తడం లేదు. కాగితం ఏమీ రాసుకోలేదు. ఇక అంతేనా?
— ఒక రైతు

జవాబు: అంతే కాదు. సరుకుల అమ్మకానికి 1930 నాటి చట్టం ఉంది, దాని ప్రకారం నోటిమాటతోనూ అమ్మకపు ఒప్పందం కుదురుతుంది. సరుకేదో తెలుసు, ఎంతో తెలుసు, రేటు తెలుసు, ఎప్పుడు తీసుకెళ్ళాలో తెలుసు. "మంచి రేటు చూసి ఇస్తాలే" అని వదిలేసి ఉంటే ఇది ఒప్పందం అయ్యేది కాదు, మనలో చాలామంది మోసపోయేది ఆ "చూద్దాంలే" దగ్గరే. అలాగే మీరు "సరే గానీ లారీ కిరాయి మీదే" అని ఉంటే అది ఒప్పుకోవడం కాదు, కొత్త బేరం పెట్టడం. దానికి ఆయన మళ్ళీ సరే అనాలి. మీరు ఒట్టి "సరే" అన్నారు కాబట్టి బాగుంది.

మచ్చు చూపించి అమ్మినప్పుడు సరుకు మచ్చుకు తగ్గట్టు ఉండాలి, పోల్చి చూసుకునే అవకాశం కొనేవాడికివ్వాలి. రేపు ఆయన "సరుకు మచ్చులా లేదు" అంటాడు చూడండి, రేటు పడ్డప్పుడు అందరి నోటా వచ్చే మాటే. అందుకే కోల్డ్ స్టోరేజీ రసీదు, ఆ లాట్ ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మీకు వచ్చేది రేటు తేడా. ఒప్పుకున్న రేటుకీ, ఆయన తీసుకోవాల్సిన రోజు యార్డు రేటుకీ మధ్య ఉన్న తేడా, దానికి తోడు మీకైన ఖర్చులు. రేటు ఇంకా పడేదాకా ఉంచి మొత్తం తేడా ఆయన నెత్తిన వేస్తానంటే కోర్టు ఒప్పుకోదు, నష్టం తగ్గించుకునే ప్రయత్నం మీరూ చేయాలి. "ఫలానా తేదీలోపు తీసుకెళ్ళకపోతే యార్డులో అమ్మి తేడా మీ దగ్గర వసూలు చేస్తాను" అని రాతపూర్వకంగా పంపి, అమ్మేసి, కమిషన్ ఏజెంటు ఇచ్చిన తక్‌పట్టీ (అమ్మకపు లెక్క చీటీ) దాచండి. వాట్సాప్ మెసేజ్‌ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి.

ఒక చిక్కు చెప్పాలి. ఫోన్‌లో కుదిరిన ఒప్పందం ఎక్కడ పుట్టినట్టు? పత్తి గింజల చెక్క బేరం మీద వచ్చిన భగవాన్‌దాస్ కేడియా కేసులో సుప్రీంకోర్టు, "సరే" అన్న మాట ఎక్కడ వినపడిందో అక్కడే అంది. బేరం పెట్టింది ఆయన, సరే అన్నది మీరు. అంటే ఒప్పందం ఆయన ఊళ్ళో పుట్టింది. సరుకు ఇక్కడే అప్పగించాలి కాబట్టి గుంటూరులోనూ దావా వేసే దారి ఉంటుంది గానీ, ఆయన లాయర్ మొదట ఎత్తేది ఈ పాయింటే.

ప్రశ్న: నాన్న పోయాక రెండేళ్ళ కిందట అన్నయ్య నాతో హక్కు విడుదల దస్తావేజు రాయించుకున్నాడు. నేను రానంటే పురుగుల మందు డబ్బా చేతిలో పట్టుకుని "సంతకం పెడతావా, తాగమంటావా" అన్నాడు. అమ్మ ఏడుస్తోంది. వెళ్ళి పెట్టేశాను. పసుపు కుంకుమ కింద లక్ష రూపాయలు ఇచ్చినట్టు రాశారు. రిజిస్టర్ అయింది కాబట్టి ఇక ఏమీ చేయలేవని అందరూ అంటున్నారు.
— పేరు వద్దన్నారు, కొత్తపేట

జవాబు: అమ్మా, రిజిస్టర్ అయిందంటే ఆ కాగితం సబ్ రిజిస్ట్రార్ ముందుకు వచ్చిందని అర్థం, మీరు మనసారా ఒప్పుకున్నారని కాదు. బలవంతం వల్ల వచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. అలాంటి ఒప్పందాన్ని ఉంచాలో తీసేయాలో నిర్ణయించుకునే హక్కు బలవంతానికి గురైనవాళ్ళదే.

సరిగ్గా ఇలాంటి గొడవే వందేళ్ళ కిందట మన తెలుగు కుటుంబంలో జరిగింది. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ కేసు. చచ్చిపోతానని భర్త బెదిరించి భార్య చేతా కొడుకు చేతా ఆస్తి మీద హక్కు వదులుకున్నట్టు తన అన్నదమ్ముడి పేర రాయించాడు. 1917లో మద్రాసు హైకోర్టు జడ్జీల్లో ఎక్కువమంది అది బలవంతమే అన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఈ తీర్పు ఇప్పటికీ లా కాలేజీల్లో చెబుతారు. కాకపోతే ఆ తీర్పు నిలబడింది ఆత్మహత్యాయత్నాన్ని అప్పటి శిక్షాస్మృతి నేరంగా చూడడం మీద. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేదు. అందుకని మీ లాయర్‌తో దావాలో ఒక్క బలవంతమే కాకుండా, ఇంటిపెద్దగా మీ మీద ఉన్న పట్టును అన్యాయంగా వాడుకున్నాడని, అంటే అనుచిత ప్రభావమని కూడా రాయించండి. మీ వాటా విలువ ఎంత, లక్ష ఎంత! ప్రతిఫలం తక్కువైనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు, నిజమే, కానీ ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చిందేనా అని తూచేటప్పుడు ఆ తేడాని కోర్టు చూడొచ్చని చట్టంలోనే ఉంది.

దస్తావేజు రద్దుకి గడువు మూడేళ్ళు. మీకు ఏడాదే మిగిలింది. ఆ లక్ష నిజంగా మీ చేతికొచ్చిందా, వస్తే ఏం చేశారు అన్నది కూడా లాయర్‌కి దాచకుండా చెప్పండి, ఎందుకంటే తర్వాత హాయిగా వాడుకున్నారంటే మీరు దాన్ని ఒప్పుకున్నట్టే వాదిస్తారు. అమ్మ ఏడవడం మాత్రం చట్టం దృష్టిలో బలవంతం కాదు. అన్నయ్య చేతిలో డబ్బా చూసినవాళ్ళు ఎవరున్నారో, అదే ముఖ్యం.

ప్రశ్న: మా తమ్ముడికి 17 ఏళ్ళు. వయసు ఎక్కువ చెప్పి వాయిదాల మీద బైక్ కొన్నాడు. షాపువాళ్ళు నాన్నను కట్టమంటున్నారు.
— పటమట

జవాబు: మైనర్ చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు, 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) చెప్పిన మాట. వయసు అబద్ధం చెప్పినా మేజర్ అయిపోడు. నాన్నగారు జామీను సంతకం పెట్టకపోతే ఆయన కట్టక్కర్లేదు. బండి మాత్రం వెనక్కిచ్చేయండి, దాన్ని ఉంచుకుని డబ్బు ఎగ్గొట్టే హక్కు మీకూ లేదు. ఇంతకీ లైసెన్సు లేని పిల్లాడు బెంజ్ సర్కిల్లో ఆ బండి తోలుతున్నాడా? ముందు తాళాలు తీసుకోండి.

ప్రశ్న: చేరిన ప్రైవేట్ కంపెనీ రెండేళ్ళ బాండు రాయించుకుంది. మధ్యలో మానేస్తే 3 లక్షలు, తర్వాత రెండేళ్ళు అదే లైన్లో ఇంకెక్కడా చేరకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే. చెల్లుతుందా?
— కానూరు

జవాబు: ముక్కలుగా చూడాలి. మానేశాక ఇంకెక్కడా చేరకూడదన్న షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడదు, బతుకుతెరువును ఆపే ఒప్పందం చెల్లదు. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి పని చేయించమని ఏ కోర్టూ ఆదేశించదు. సర్టిఫికెట్లు మీవి, తాకట్టు వస్తువులు కావు, రాతపూర్వకంగా అడగండి. డబ్బు దగ్గర మాత్రం అంత తేలిగ్గా కొట్టేయకండి. 2025లో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ నియామకాలకు బ్యాంకుకయ్యే ఖర్చును, శ్రమను చూసింది. మీ కంపెనీ మీ శిక్షణకు నిజంగా ఎంత ఖర్చు పెట్టింది? అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దాని లోపల సమంజసమైన పరిహారమే వస్తుంది. రెండు వారాలు పాత వీడియోలు చూపించి 3 లక్షలంటే ఆ లెక్క వాళ్ళు చెప్పాలి.

ప్రశ్న: క్రికెట్ బెట్టింగుల్లో ఓడిపోయి ఒకతనికి 4 లక్షలు బాకీ పడ్డాను. రెవెన్యూ స్టాంపు అంటించి, ఇద్దరు సాక్షులతో, చేబదులు తీసుకున్నట్టు ప్రోనోటు రాయించుకున్నాడు. ఖాళీ చెక్కు కూడా ఇచ్చాను. అన్నీ పక్కాగా ఉన్నాయి కాబట్టి కట్టక తప్పదా?
— పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: మొదటి ఉత్తరం రాసిన ఆయన కాగితం చూడండి, మీ కాగితం చూడండి. ఆయనది చించిన కాగితమైనా వెనక నిజమైన బేరం ఉంది. మీది పక్కా ప్రోనోటు, వెనక ఉన్నది పందెం. పందెం ఒప్పందం చెల్లదని, గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి లేదని కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద "చేబదులు" అని రాసినంత మాత్రాన పందెం అప్పుగా మారదు. చెక్కు బౌన్స్ కేసు కూడా చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గ బాకీ ఉంటేనే నిలుస్తుంది.

కానీ సంతకం మీదేనని ఒప్పుకున్న క్షణం నుంచీ, డబ్బు తీసుకునే రాశారని కోర్టు ముందు అనుకుంటుంది. కాదని చూపించే భారం మీది. అతనితో నడిచిన చాట్‌లు, ఏ మ్యాచ్‌కి ఎంత పెట్టారో, ఎప్పుడెప్పుడు ఎంత పంపారో అన్నీ తీసి ఉంచండి. ఆ రోజు అతని దగ్గర 4 లక్షలు చేబదులు ఇచ్చే స్తోమత ఉందా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. పందెం అని మీరు చెప్పుకుంటే మీరూ ఆడినట్టు ఒప్పుకున్నట్టవుతుంది, మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020 సవరణతో ఆన్‌లైన్ ఆటలూ అందులోకి వచ్చాయి. కాబట్టి ఏం రాయాలో, ఎంత రాయాలో క్రిమినల్ వైపు తెలిసిన లాయర్ ఎదురుగా కూర్చుని తేల్చుకోండి. ఇంటికొచ్చి బెదిరిస్తుంటే అది వేరే నేరం, దానికి పోలీసులున్నారు.

భయపడి కొద్దికొద్దిగా కట్టడం మొదలుపెట్టకండి, నోటు వెనక చెల్లు రాయించుకుని బాకీ నిజమేనని మీ చేతే ఒప్పిస్తాడు. చెక్కు బౌన్స్ నోటీసు వస్తే 15 రోజుల్లోపు జవాబు వెళ్ళాలి. రిజిస్టర్డ్ పోస్టు వచ్చిందని పోస్ట్‌మన్‌ను చూసి తలుపు వేసుకోకండి, తీసుకోండి.